రేకు లేపితే భవనమా?

మార్చి 3, సోమవారం

బండి వచ్చింది. ఇంతకుముందు ఏదో బేకరీకి బ్రెడ్డు మోసిన వ్యాను. బావ నడుపుకుంటూ తెచ్చి గేటు ముందు ఆపాడు. ఆపగానే వంటింటి కిటికీకి వెలుతురు పోయింది. పట్టపగలు లైటు వేసుకుని కూరగాయలు తరగాల్సి వచ్చింది. అక్క అదేమీ పట్టించుకోలేదు. చీపురు, బకెట్టు పట్టుకుని బండెక్కింది. మధ్యాహ్నం దాకా దిగలేదు.

ఇందులో సూపూ బన్నూ అమ్మాలి, పనులు పంచుకున్నాం. వంట అక్కది. బండి నడపడం బావది. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. అనుమతులు నావి. నా ఉద్యోగమంతా మునిసిపల్ ఆఫీసు వార్తలు రాయడంలోనే గడిచింది. పత్రిక మూతపడి ఏడాది దాటినా, అక్కడ నన్ను చూసి కుర్చీ జరిపేవాళ్ళు ఇంకా ఉన్నారు.

"నీకు అక్కడ అందరూ తెలిసినవాళ్ళేగా?" అంది అక్క.

"అందరూ."

"అదే నా భయం," అన్నాడు బావ.

నన్ను ఒక మాట అనకపోతే బావకి తిన్నది అరగదు.

అక్క పనిచేసే ఆసుపత్రి క్యాంటీన్‌లో జీతం లేని సెలవు పెట్టింది, మే నెలాఖరు వరకు. ఆలోగా బండి తెరిస్తే సరే. లేకపోతే జూన్ రెండో తేదీ పొద్దున వెళ్ళి మళ్ళీ ఆ పొయ్యి ముందే నిలబడాలి. ఇంకోసారి సెలవు ఇచ్చేది లేదని వాళ్ళు ముందే చెప్పారు. రోగులకి ఉప్పూ మిరియాలూ లేని వంట వండి వండి ఆవిడకి విసుగొచ్చింది. "నా చేతి సూపు తాగి, ఇంకొంచెం పొయ్యమ్మా అని ఎవరైనా అడగాలిరా. ఇన్నేళ్ళలో ఒక్కరు అడిగితే ఒట్టు," అంది. వాళ్ళు రోగులు కదా, వాళ్ళ ఆకలిని బట్టి వంటని అంచనా వేయలేం అన్నాను. నాకేసి ఒకసారి చూసి గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది.

అనుమతులకి ఒక్క నెల చాలని చెప్పాను.

నేనుండేది వాళ్ళింటి వెనక గదిలో. తాత్కాలికంగా.

మార్చి 6

బండిలో మొదటి సూపు. బంగాళాదుంప, క్యారెట్టు, పైన మిరియాల పొడి. పక్కన వేడి బన్ను.

"ఉప్పు ఎలా ఉంది?" అంది అక్క.

"దేంతో పోల్చి చెప్పమంటావు?" అన్నాను.

"చప్పగా ఉంది," అన్నాడు బావ.

అక్క బావ మాటే విన్నది. తొందరపాటు. ఒక్క మనిషి అభిప్రాయం మీద వంట మార్చేయడం నాకు నచ్చదు.

మార్చి 10, సోమవారం

మునిసిపల్ ఆఫీసు. కౌంటరు గుమాస్తా పాత పరిచయస్తుడు. ఒకప్పుడు నాకు లోపలి కబుర్లు చెప్పినవాడే. ఆరోగ్య శాఖ కాగితం చూశాడు, ఫైరు వాళ్ళ కాగితం చూశాడు, బండి పెట్టే చోటు మ్యాపు చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. ముద్ర చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు. పెద్దాయన సంతకం కూడా పెట్టించి ఇస్తాను, రేపు మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్ళండి అన్నాడు. టీ తెప్పించాడు.

అక్కడితో ఇంటికి రావచ్చు. వేరేవాళ్ళయితే వచ్చేవాళ్ళు. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరి దగ్గర రూఢి చేసుకోకుండా నేను ఉద్యోగంలో ఒక్క వాక్యం రాయలేదు. అందుకని మేడ మీద టౌన్ ప్లానింగు అధికారి దగ్గరికి వెళ్ళాను.

బండి పక్క గోడలో ఒక రేకు ఉంది. పైకి లేపి గడియ పెడితే అమ్మే కిటికీ తెరుచుకుంటుంది, కొనేవాళ్ళ నెత్తిన నీడ పడుతుంది. అన్ని తిండి బళ్ళకీ అలాగే ఉంటుంది. నేను అడిగింది ఒక్కటే: "రేకు లేపినప్పుడు అది ఫుట్‌పాత్ మీదికి వస్తుంది కదా. అప్పుడది బండి కిందికి వస్తుందా, కట్టడం కిందికి వస్తుందా?"

ఆయన కలం కింద పెట్టాడు. "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ."

"అందుకే అడుగుతున్నాను."

"మంచి ప్రశ్న," అన్నాడు. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత ఫోను తీసి కింద కౌంటరుకి చేశాడు.

చాలా రోజుల తర్వాత పని చేసినట్టనిపించింది.

మార్చి 11

ముద్ర పడలేదు. గుమాస్తా కుర్చీ జరపలేదు.

"పైనుంచి ఫోనొచ్చింది సార్. మీరే వెళ్ళారటగా?" అన్నాడు.

"రూఢి చేసుకుందామని."

"నేను ఇస్తానన్నాక రూఢి ఏంటి సార్?" అన్నాడు. టీ ఊసు లేదు.

దరఖాస్తు మీద "వివరణ కోసం వేచి ఉంది" అని రాసి ఉంది. ఇంట్లో చెప్పాను: చిన్న వివరణ, ఇప్పుడే బయటపడడం మంచిదైంది, తెరిచాక వచ్చి ఉంటే బండి మూయించేవాళ్ళు.

"ఆ అనుమానం ఎవరికొచ్చింది?" అంది అక్క.

"ఆఫీసుకి."

ఇది అబద్ధం కాదు. ఇప్పుడు ఆ అనుమానం ఆఫీసుదే.

మార్చి 19, బుధవారం

వివరణ వచ్చింది. రేకు దించి ఉన్నప్పుడు అది బండి. లేపి ఉన్నంతసేపూ కట్టడం. కాబట్టి భవనాల విభాగం నుంచి కూడా అనుమతి తేవాలి.

భవనాల విభాగంలో ఇంజినీరు మంచివాడు. ఏ కట్టడానికైనా పునాది వివరాలు ఇవ్వాలన్నాడు. మాకున్నది చక్రాలు. చక్రాలను పునాదిగా పరిగణించవచ్చా అని అడిగాను. ఆయన గట్టిగా నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేసి కాగితం మీద రాసుకున్నాడు. చక్రాలు పునాది అయితే బండి కదలకూడదు, కదలకపోతే వాహనాల శాఖ వాళ్ళు దాన్ని బండిగా ఒప్పుకోరు, వాళ్ళకి రాసి కనుక్కోవాలి అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర వరసగా వివరించాను. బావ శ్రద్ధగా విన్నాడు.

"అంటే నిలబడితే ఇల్లు, కదిలితే బండి."

"సూక్ష్మంగా చెప్పాలంటే అంతే."

"ఇన్నాళ్ళూ ఈ ఇంటిని నడిపేది మీ అక్క అనుకున్నాను. ఇక నుంచి నేనే అన్నమాట."

అక్క నవ్వలేదు. "ఒరేయ్, పక్కవీధి చివర మొక్కజొన్న కంకులమ్మే బండి వాడు ఇవన్నీ తెచ్చుకున్నాడా?"

"తెచ్చుకున్నాడో లేదో కనుక్కుంటాను."

"వద్దు! వాణ్ణి బతకనీ."

మార్చి 27

ఫైలు లావైంది. పురికొస కట్టాల్సి వచ్చింది. పని ముందుకి వెళ్తోందనడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

ఏప్రిల్ 2

సూపు. ఉప్పు ఎలా ఉందని అడిగింది. ఫరవాలేదన్నాను. ఫరవాలేదంటే ఎక్కువా తక్కువా అంది. ఇంకొకరిని కూడా అడిగి చెప్తానన్నాను. నా చేతిలో గిన్నె లాక్కుంది.

ఏప్రిల్ 9, బుధవారం

మా ఊరి సంగతి తేలేలోగా రేవు పట్నంలో ప్రయత్నిద్దామన్నాను. అనుమతి ఇచ్చిన ఊళ్ళోనే అమ్ముకుంటాం, మనకి ఊరు ముఖ్యం కాదు. అక్క సరేనంది. బావ పొద్దున్నే బండి తీశాడు.

రేవు పక్కన వరసగా తిండి బళ్ళు. అన్నిటికీ రేకులు లేచి ఉన్నాయి. వాటి నీడలో జనం నిలబడి తింటున్నారు. చివర కాఫీ బండి ఆయన మాతో మాట కలిపాడు. "వారంలో ఇచ్చేస్తారండీ. మేడమ్ చాలా మంచావిడ. కాగితం ఇవ్వండి, వచ్చెయ్యండి, అంతే," అన్నాడు.

నిజంగానే ఒక్క పేజీ దరఖాస్తు. అధికారి చిన్న వయసు అమ్మాయి. నింపి ఇస్తే చదివి, "సరేనండీ," అంది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే."

ఒక్క పేజీ మీద ఇంత నిర్ణయం ఎలా తీసుకుంటారో నాకు అర్థం కాలేదు. ముందూ వెనకా తెలియకుండా ఆ అమ్మాయి సంతకం పెడితే రేపు ఆమెకే మాట వస్తుంది. అందుకని పురికొస విప్పి ఫైలు ముందు పెట్టాను. రేకు వివరణ, పునాది ప్రశ్న, వాహనాల శాఖ జవాబు, అన్నీ తేదీల వారీగా.

చదివింది. అంతా చదివింది. ఈ మధ్యలో అక్క రెండుసార్లు తలుపు దాకా వచ్చి తొంగిచూసి వెళ్ళింది.

"ఇంత పద్ధతిగా పత్రాలు సర్దుకున్నవాళ్ళని నేను చూడలేదండీ," అంది అధికారి.

"థాంక్సండీ."

"కానీ ఇప్పుడు చదివేశాను కదండీ. చదవలేదని అనలేను."

మా ఊళ్ళో తేలేదాకా ఇక్కడా ఆగాలట. తమ ఊళ్ళో రేకుల సంగతి కూడా ఒకసారి చూడాలట. చాలా మర్యాదగా గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. అక్కకి కూడా నమస్కారం పెట్టింది. అక్క పెట్టలేదు.

ఏప్రిల్ 10

నిన్న తిరుగు దారిలో బావ ఒక్క మాట కూడా అనలేదు. మాట అనకుండా బావని ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఆరోగ్యం బాగాలేదేమో.

ఏప్రిల్ 23, బుధవారం

రేవు పట్నానికి ఒక్కణ్ణే బస్సులో వెళ్ళాను. రేవు పక్కన రేకులన్నీ దించి ఉన్నాయి. ముందు, ఎవరో కొత్త బండి పెట్టి తగవు తెచ్చారనుకున్నాను. కాదు, లైసెన్సు గడువు దాటినవాళ్ళకి మళ్ళీ ఇవ్వడం ఆపేశారు, మిగతావాళ్ళు భయంతో వాళ్ళంతట వాళ్ళే దించుకున్నారు.

కాఫీ బండి ఆయన వెనక తలుపులోంచి గ్లాసు అందించాడు. "ముందు నుంచి ఇద్దామంటే కిటికీ లేదు మరి. మీ బండి ఏమైందండీ?"

"పనిలో ఉంది."

"మీరు అదృష్టవంతులు. మా గతి చూడండి. ఎవడో పనీపాటా లేనివాడు వచ్చి, రేకు లేపితే అది బండా, బిల్డింగా అని అడిగాట్ట. కట్ట కట్టి తెచ్చాట్ట కాగితాలు! ఏమంటారు మీరు?"

"అడగాల్సిన ప్రశ్నే అనుకుంటాను."

"అడగాల్సిందే! ఇంట్లో కూచుని వాళ్ళావిణ్ణి అడగమనండి. ఆవిడ చెప్తుంది జవాబు, గరిటె తిప్పి!"

నాకు పెళ్ళి కాలేదని చెప్పలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వచ్చేది. వార్తలో విలేకరి కనపడకూడదని మా డెస్కులో నేర్పారు. కాఫీ బాగుంది. రేకు మూసి ఉండడం వల్ల లోపల ఆయనకి చెమటలు పడుతున్నాయి.

అక్కణ్ణించి మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా ఉండడం వల్లే ఇన్ని ఇబ్బందులు, అన్ని ఊళ్ళకీ కలిపి ఒకే ఉత్తర్వు ఇస్తే మాలాంటివాళ్ళు తిరగక్కర్లేదు కదా అన్నాను. ఆమె ముఖం వెలిగింది. పై ఆఫీసుకి అక్కడే ముసాయిదా రాయడం మొదలుపెట్టింది. భాష విషయంలో కొంత సాయం చేశాను. అందులో ఒక వాక్యం పూర్తిగా నాదే: "పాత అనుమతిలో ఏ చిన్న మార్పు లేదా చేర్పు కోరినా దానిని కొత్త దరఖాస్తుగానే పరిగణించవలెను." ఇది లేకపోతే జనం పాత కాగితాల్లో కొత్త పేర్లు ఇరికించి తప్పించుకుంటారు.

పత్రిక మూతపడ్డాక నేను రాసింది అచ్చు కాబోవడం ఇదే మొదటిసారి.

మే 4

అక్క ఇవాళ క్యాంటీన్ యూనిఫాం తీసి ఉతికి ఆరేసింది. ఎందుకని అడిగాను. "చిమటలు కొట్టకుండా," అంది.

మే 12

కొండ మీద ఊరికి వెళ్దామని అక్క అంటోంది. మూడో ఊరు. చిన్నది, చలి ప్రదేశం, సూపు బాగా పోతుందని బావ లెక్క. ఉత్తర్వు వచ్చేదాకా ఆగుదామన్నాను. అది రాగానే అంతా తేలిపోతుంది, ఇంకెవరినీ అడగక్కర్లేదు.

మే 19, సోమవారం

ఉత్తర్వు వచ్చింది. ప్రతుల జాబితాలో చివర నా పేరు కూడా ఉంది. పోస్టులో ఇంటికే పంపారు.

భోజనాల దగ్గర చదివి వినిపించాను. లేచే రేకు ఉన్న బళ్ళ విషయం తేల్చడానికి ఒక కమిటీ వేస్తారు. కమిటీ తేల్చేదాకా అలాంటి బళ్ళకి కొత్త అనుమతులు ఇవ్వరు. చేతిలో అనుమతి ఉన్నవాళ్ళకి దాని గడువు దాకా ఇబ్బంది లేదు. నా వాక్యం ఒక్క అక్షరం మారకుండా ఉంది. అది రెండోసారి చదివాను.

అక్క గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"ఇది అన్ని ఊళ్ళకా?"

"అన్నిటికీ. గొప్పదనమంతా అక్కడే ఉంది."

"కొండ మీద ఊరికి కూడానా?"

"ప్రతి ఆఫీసుకీ పోస్టులో వెళ్తుంది. అందిన రోజు నుంచి అమలు."

"అందిందా?"

"మనకి ఇవాళ వచ్చింది. కొండకి ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టొచ్చు."

"కమిటీ ఎప్పుడు తేలుస్తుంది?"

"సభ్యుల్ని ఇంకా వెయ్యలేదు."

బావ చెయ్యి కడుక్కుని లేచి, బయటికి వెళ్ళి బండి బానెట్ ఎత్తాడు. అక్క నా కంచంలో ఇంకో గరిటెడు వడ్డించింది. నేను అడగలేదు.

"తినరా," అంది. "రేపు పొద్దున్నే లేవాలి."

తిట్టలేదు. చిన్నప్పటి నుంచి తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి తేడా తెలిసింది.

మే 20, మంగళవారం

వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నేను బండి దిగలేదు, చూసినదాంట్లో కొంత అద్దంలోంచి చూసిందే.

తెల్లవారగానే బయల్దేరాం. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. కొండ మలుపుల దగ్గర మా ముందు పోస్టాఫీసు వ్యాను కనపడింది. బావ గేరు మార్చాడు. బస్సు నడిపినన్నాళ్ళూ మలుపులో ఒక్క బండిని కూడా దాటలేదని గొప్పగా చెప్పుకునే మనిషి, అక్కడ హారన్ కొట్టి దాటేశాడు. అక్క కళ్ళు మూసుకుంది. ఉత్తర్వు ఆ వ్యానులోనే ఉందనడానికి ఆధారం లేదు. ఆ మాట చెప్పాను.

"నువ్వు మాట్లాడకు," అన్నారు ఇద్దరూ.

ఆఫీసు ముందు బండి ఆపారు. కౌంటరు దగ్గర వరస ఉంది.

"నువ్వు దిగొద్దు," అంది అక్క.

"లోపల ఏదైనా అడిగితే?"

"చెప్తాను."

"నువ్వు అడగాల్సినవి ఈ కాగితంలో రాశాను, వరసగా..."

కాగితం తీసుకుంది. చదవలేదు. మడిచి, సీటు వెనక నిలకడ లేక ఊగే గ్యాసు సిలిండరు కింద పెట్టింది. సిలిండరు కదలడం ఆగింది. దరఖాస్తు పట్టుకుని దిగిపోయింది. ఫైలు తీసుకెళ్ళలేదు.

బావ నా వైపు తలుపుకి ఆనుకుని బయట నిలబడ్డాడు.

"ఎందుకిక్కడ?" అన్నాను.

"గాలి బాగుంది."

అద్దంలోంచి అక్క వీపు కనపడుతోంది. ఆవిడ ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. గుమాస్తా పెద్ద వయసాయన, మెడకి మఫ్లరు. ఏదో అడిగాడు, అక్క ఏదో చెప్పింది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పింది. ఆవిడ ఎదురు ఏమీ అడగడం నాకు కనపడలేదు. తర్వాత ఇద్దరూ బయటికి వచ్చారు. గుమాస్తా బండి చుట్టూ తిరిగాడు. టైరుని కాలితో తట్టాడు. రేకు దించి ఉంది, దాని మీద చెయ్యి వేసి, "ఇది లేస్తుందా?" అన్నాడు. ఇది మాత్రం స్పష్టంగా వినపడింది.

"లేస్తుందండీ. లేకపోతే సూపు ఎలా ఇస్తాం?" అంది అక్క.

"నిజమే," అన్నాడు ఆయన.

అంతే. నేను అద్దం దించబోయాను. బావ వీపు అద్దానికి అడ్డం పెట్టాడు.

గుమాస్తా వంగి ముందు అద్దంలోంచి నన్ను చూశాడు. అక్కతో ఏదో అన్నాడు. ఆవిడ కాస్త ఆగి జవాబు చెప్పింది. ఆయన తలూపి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి అక్క కాగితం పట్టుకుని వచ్చింది. ముద్ర తడి ఆరడానికి ఊదుకుంటూ నడుస్తోంది.

మెట్ల దగ్గర పోస్టాఫీసు మనిషి సంచీతో ఎదురయ్యాడు. అక్క పక్కకి జరిగి దారి ఇచ్చింది.

కొండ దిగేటప్పుడు అడిగాను. "నన్ను చూసి ఏమన్నాడు?"

"ఎవరని అడిగాడు. మా తమ్ముడన్నాను. బండిలో పని చేస్తాడా అన్నాడు. లేదన్నాను."

"తర్వాత?"

"మరి ఏం చేస్తాడమ్మా అన్నాడు." అక్క రోడ్డు వైపు చూస్తోంది. "నాకు గభాల్న ఏమీ తోచలేదురా. రిటైరయ్యాడని చెప్పాను."

నాకింకా ఆ వయసు రాలేదు. సరిదిద్దుదామనుకున్నాను. బావ రేడియో పెట్టాడు.

మే 22

అనుమతి పత్రం తీరిగ్గా చదివాను. అమ్మేటప్పుడు బండి లోపల ఉండదగినవాళ్ళ పేర్లకి మూడు గీతలున్నాయి. మొదటిదాంట్లో అక్క. రెండోదాంట్లో బావ. మూడోది ఖాళీ. పేరు లేనివాళ్ళు లోపల ఉండకూడదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

పేరు చేర్పించుకోవడం పెద్ద పని కాదు. వెళ్ళి అడిగితే చాలు. కానీ అది చేర్పు. చేర్పు కోరితే కొత్త దరఖాస్తు. కొత్త దరఖాస్తు అంటే రేకు. రేకు అంటే కమిటీ.

వాక్యంలో లొసుగు ఏమైనా ఉందేమోనని చాలాసేపు చూశాను. లేదు. గట్టిగా రాశాను.

మే 23

అక్కకి చెప్పాను. "మూడో గీత నింపించి ఉండాల్సింది," అన్నాను.

"ఆయన నీ పేరు అడిగి ఉంటే చెప్పేదాన్నిరా," అంది. "నువ్వెవరని మాత్రమే అడిగాడు."

తర్వాత, "బయట కూడా పనుంటుంది," అంది. ఏం పనో చెప్పలేదు. బయట ఉండి మొత్తం వ్యవహారం పర్యవేక్షించేవాడు ఎవరో ఒకరు ఉండాలి. నిజానికి లోపల ముగ్గురికి చోటు చాలదు.

మే 28

అక్క ఆసుపత్రికి వెళ్ళి ఉద్యోగం వద్దని రాసిచ్చి వచ్చింది. వచ్చి యూనిఫాం చింపి గిన్నెలు తుడిచే గుడ్డలు చేసింది.

మే 31, శనివారం

బండి తెరిచారు. కొండ మీద చౌరస్తా పక్కన, పొద్దున. కౌంటరు గుమాస్తా మఫ్లరుతో సహా వచ్చి బన్ను తిన్నాడు. ఈ మధ్యే ఏదో ఉత్తర్వు వచ్చిందనీ, ఇక కొత్త బళ్ళకి ఇవ్వడం కుదరదనీ, మీరు సమయానికి వచ్చారనీ బావతో అన్నాడు. ఎవరి బుర్రకి పుట్టిందో ఈ ఆలోచన అని కూడా అన్నాడు. బావ నా వైపు చూడకుండా, "ఎవరో బాగా చదువుకున్నవాడై ఉంటాడండీ," అన్నాడు.

అంతసేపూ నేను ఎదుటి బెంచీ మీద కూర్చుని పర్యవేక్షించాను.

జూన్ 1, ఆదివారం

ఇవాళ బెంచీ మీద చోటు దొరకలేదు. జనం కూర్చుని తింటున్నారు. నిలబడి ఉంటే వెనకాయన, "వరసలో ఉన్నారా సార్?" అన్నాడు. ఉన్నానన్నాను. వరస జరిగింది, నేనూ జరిగాను.

రేకు పూర్తిగా లేచి ఉంది. నీడ ఫుట్‌పాత్ మీద దాదాపు సగం దాకా పడుతోంది. అందరూ ఆ నీడలోనే నిలబడుతున్నారు. నా వెనకున్నాయన కళ్ళజోడు సర్దుకుని పైకి చూశాడు. చేతిలో మడిచిన పేపరు ఉంది. నా ఈడువాడే.

"ఈ రేకు ఇంత ముందుకి వచ్చిందే," అన్నాడు. "రూలు ప్రకారమేనంటారా?"

మంచి ప్రశ్న. జవాబు నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ మూడు ఊళ్ళలో లేరు.

"ఏమోనండీ," అన్నాను. "నాకు తెలీదు."

"ఆఫీసులో అడిగితే చెప్తారేమో."

"సూపు చల్లారిపోతుంది. ముందు తాగండి."

నా వంతు వచ్చింది. అక్క నెత్తికి గుడ్డ కట్టుకుని ఉంది. ఆవిరికి ముఖం ఎర్రబడింది.

"ఏం కావాలి?" అంది. అలవాటుగా అంది. తర్వాత నన్ను చూసింది.

"సూపు."

"బన్ను?"

"ఇవ్వు."

ఇచ్చింది. ఏదో అనబోయింది కానీ బావ లోపలినుంచి, "గుడ్డు బన్ను రెండు, త్వరగా!" అని అరిచాడు. నేను పక్కకి తప్పుకున్నాను. పేపరాయన గిన్నె అందుకుని అక్కడే నిలబడి తాగడం మొదలుపెట్టాడు. రెండు గుక్కలు తాగాక రేకు సంగతి మర్చిపోయాడు. గిన్నె ఖాళీ చేసి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఇంకొంచెం పొయ్యమ్మా," అన్నాడు.

అక్క గరిటె పట్టుకుని ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయింది. వెనకవాళ్ళు గొణిగారు. అప్పుడు గిన్నె నిండా పోసింది, అంచు దాకా. పోసి, జనం మీంచి నాకోసం వెతికింది. నేను చెయ్యెత్తాను. విన్నానని తెలియడానికి.

ఆ తర్వాత రద్దీ పెరిగింది. మళ్ళీ ఇటు చూడడానికి ఆవిడకి తీరిక దొరకలేదు.

ఉప్పు సరిగ్గా సరిపోయింది. రెండో మనిషి దగ్గర రూఢి చేసుకోలేదు. ఎలా ఉందని నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.